పదకొండింటి అంకె

ఏలూరులో ఒక కార్యాలయం మేడ మీద, వానాకాలం నాలుగు నెలలు మాత్రమే తెరిచే గది ఒకటి ఉండేది. దాన్ని కంట్రోల్ రూమ్ అనేవాళ్లు. పేరు పెద్దది గానీ లోపల ఉన్నది రెండు ఫోన్లు, ఒక కంప్యూటరు, ఒక పొడుగాటి బల్ల, గోడ నిండా ఒక పటం. ఆ గదిలో నేను కాంట్రాక్టు మీద ఐదు వానాకాలాలు పనిచేశాను.

నా పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. తమ్మిలేరు పొడుగునా అక్కడక్కడా వంతెన స్తంభాలకు అంకెలు వేసిన స్కేళ్లు ఉంటాయి. ఒక్కో స్కేలు దగ్గర ఒక మనిషి ఉంటాడు. నీళ్లు ఏ అంకె దాకా వచ్చాయో చూసి గంటకోసారి మాకు ఫోన్ చేస్తాడు. నేను ఆ అంకెను రిజిస్టరులో రాసి, కంప్యూటరులో ఎక్కించి, పై వాళ్లకు పంపాలి. ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు ఇంట్లో అందరూ సంతోషించారు. ఫ్యాను కింద కూర్చుని చేసుకునే పని కదా అన్నారు.

మా ఇల్లు తమ్మిలేరు గట్టు కింద ఒక సందులో ఉంది. మాది పరుపులు కుట్టే కుటుంబం. ముందు గదిలో దూది ఏకే మిషను, దాని పక్కన దూది బేళ్లు, వెనక రెండు గదుల్లో మేము. మావారు పరుపులు కుట్టి ఊళ్లకు అందజేస్తారు. మా అత్తగారికి మోకాళ్లు పట్టేసినా కుట్టు మాత్రం మానలేదు. ఒక్కతే కూతురు, నేను చెప్పబోయే రోజుకి మూడో తరగతి.

ఏటిలో ఏడాదిలో పది నెలలు నీళ్లుండవు. ఇసుక, పిచ్చి మొక్కలు, క్రికెట్ ఆడుకునే పిల్లలు, పందులు. మా సందు వాళ్లకు అది ఏరని గుర్తుండేది కాదు, ఖాళీ స్థలంలాగే చూసేవాళ్లు. పెళ్లయి వచ్చిన కొత్తలో నేనూ అంతే.

ఉద్యోగంలో చేరిన మొదటి వారం మా ఇంజినీరు గారు నన్ను పటం ముందు నిలబెట్టి విషయమంతా చెప్పారు. ఆయన నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఈ ఏటికి మన ఊళ్లో కురిసే వానతో పెద్దగా పని లేదన్నారు. పైన కొండల్లో కురుస్తుంది, అక్కడి రాతి నేల నీటిని తాగదు, కురిసిందంతా వాగుల్లో పడి దిగుతుంది. చింతలపూడి వైపు ఉన్న రిజర్వాయరు కొంత ఆపుతుంది. అది నిండాక గేట్లు ఎత్తక తప్పదు, ఎత్తకపోతే ఆనకట్టకే ముప్పు. వదిలిన నీళ్లు కొన్ని గంటల్లో మన ఊరి పొలిమేరకు వస్తాయి. అక్కడ ఏరు రెండుగా చీలి, ఊరిని రెండు చేతులతో పట్టుకున్నట్టు చెరో వైపు నుంచీ వెళ్లి కొల్లేటిలో కలుస్తుంది.

"కొల్లేరు పళ్లెంలాంటిదమ్మా," అన్నారు. "అన్ని ఏర్లూ, వాగులూ అందులోకే దిగుతాయి. బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. సముద్రం పోటు మీద ఉంటే అదీ లాగదు. పళ్లెం నిండి ఉన్నప్పుడు పైనుంచి ఇంకా పోస్తే ఏమవుతుందో చెప్పు."

 నా కళ్లు పటం మీద మా సందు కోసం వెతుకుతున్నాయి. రెండు నీలం గీతల మధ్య, ఒక గీతకు ఆనుకుని ఉండాలి మేము. అక్కడ చుక్క కూడా లేదు. ఆ రోజు ఇంటికి వెళ్లి గట్టెక్కి ఏటిని చూశాను. పిల్లలు వికెట్లు పాతుకుని ఆడుకుంటున్నారు. నేను మాత్రం గట్టు అంచు నుంచి మా గడపకు ఎంత పల్లమో కళ్లతో కొలిచాను. ఆ కొలత ఐదేళ్లూ మరిచిపోలేదు.

స్కేలు చూసే మనుషుల్లో ఊరికి ఎగువన ఒక వంతెన దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరు. రిజర్వాయరుకీ మాకూ మధ్య ఆయన చెప్పే అంకే ముఖ్యం. ఆ అంకె చూసే మా ఊరికి నీళ్లు ఎప్పుడొస్తాయో లెక్క కట్టేవాళ్లు. నాలుగేళ్లు రోజూ మాట్లాడుకున్నాం గానీ ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. వ్యవసాయ కూలీగా బతికిన మనిషి, అరవై దాటాయి. ఫోన్ ఎత్తగానే "నమస్కారమండీ అమ్మగారూ" అని, అంకె చెప్పి, ఊరుకోకుండా ఇంకో ముక్క చేర్చేవారు. ఏరు పాలు కలిపిన టీ రంగులో ఉందనో, నురగ ఎక్కువగా ఉందనో, కొంగలు లేచిపోయాయనో. మొదట్లో నాకు విసుగ్గా ఉండేది. అవి రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

మొదటి ఏడే ఒక రోజు అంకె కదల్లేదు గానీ రంగు మారిందని చెప్పారు. రెండు గంటలు తిరిగేసరికి ఏరు ఒక్క ఊపున పెరిగింది. పైన ఎర్రమట్టి కొండల్లో వాన పడితే ఆ రంగు ముందొస్తుందట, నీళ్లు తర్వాత వస్తాయట. అప్పటి నుంచి ఆయన చెప్పే ఆ ఇంకో ముక్కను పెన్సిల్‌తో పేజీ అంచున రాసుకోవడం మొదలుపెట్టాను.

నేను చెప్పబోయేది ఐదో ఏటి సంగతి. భాద్రపదంలో వాయుగుండం పట్టి మూడు రోజులు వదలకుండా కురిసింది. నాలుగో రోజు తెల్లారేసరికి ఏలూరులో ఆకాశం కడిగినట్టు తేలిపోయి ఎండ కాసింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. మా సందులో ప్రతి పిట్టగోడ మీదా తడి బట్టలు, దుప్పట్లు పరిచారు. బడులకు ఇచ్చిన సెలవు ఆ రోజుకీ ఉంది గనక పాప ఇంట్లోనే ఉంది.

మావారికి తాడేపల్లిగూడెంలో ఒక లాడ్జికి పరుపులు ఇవ్వాల్సి ఉంది. మూడు రోజులుగా ఆగిపోయిన పని. ఆరింటికే ట్రాలీ ఆటో మాట్లాడి పరుపులెక్కించారు. ఇంకో రోజు ఆగకూడదా అని అడిగాను. వాన తగ్గింది కదా, సాయంత్రానికి వచ్చేస్తానన్నారు. వాయుగుండం తీరం దాటి పోయింది నిజమే. అయితే ఎటు పోయిందని ఆయనా అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పటికి నాకూ తెలియదు. అది మా ఎగువ కొండల మీదికి వెళ్లి అక్కడ కూర్చుంది.

ఎనిమిదింటికి నేను పనిలోకి వెళ్లేసరికి అంతకుముందు డ్యూటీలో ఉన్నతను ముఖం కడుక్కోకుండా కూర్చుని ఉన్నాడు. పైన కురిసిన వాన వివరాలున్న కాగితం నా ముందు పెట్టాడు. తెల్లవారకముందే రిజర్వాయరు గేట్లు ఎత్తారని చెప్పి, జాగ్రత్తండీ అని వెళ్లిపోయాడు. కిటికీ లోంచి చూస్తే రోడ్డు మీద ఎండ మెరుస్తోంది. ఒకాయన సైకిలు మీద పూల బుట్ట పెట్టుకుని అరుచుకుంటూ పోతున్నాడు. చేతిలో ఆ కాగితం, కళ్ల ముందు ఆ ఎండ. రెండూ ఒకే ఊరివంటే నమ్మబుద్ధి కాలేదు.

ఎనిమిదింటికి పెద్దాయన ఫోన్ చేశారు. అంకె చెప్పి, ఎర్రగా వస్తోందన్నారు. తొమ్మిదింటికి అంకె పెరిగింది. పామాయిలు మట్టలు, కండెలతో సహా మొక్కజొన్న చెట్లు కొట్టుకొస్తున్నాయన్నారు. అంటే పైన చేలు మునిగిపోయాయి. పదింటికి అంకె ఇంకా పెరిగింది. ఒక పశువుల పాక కప్పు చెక్కుచెదరకుండా తేలి వచ్చిందట, దాని మీద కోడి ఒకటి నిలబడి ఉందట. ఈ సంగతి చెబుతున్నప్పుడు ఆయన గొంతులో తొందర వినిపించింది. నాలుగేళ్లలో ఎప్పుడూ వినని తొందర.

"అమ్మగారూ, ఇక్కడ స్కేలు మునిగిపోతందండి. వంతెన మధ్య స్తంభానికి పైముక్క ఉంది, అక్కడికెళ్లి చూడాలండి. చూసి చెప్తానండి," అన్నారు.

జాగ్రత్తగా వెళ్లండి అన్నాను. 

పదకొండయింది. ఫోన్ మోగలేదు.

ఐదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూసి నేనే చేశాను. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేశాను, మళ్లీ అదే. అంకె రాకపోతే ఆ గడిలో 'రాలేదు' అని రాసి తర్వాతి గంట కోసం చూడాలని మాకు చెప్పి ఉంచారు. పెన్ను పట్టుకున్నాను గానీ ఆ మాట రాయలేకపోయాను. ఎంత పెద్ద అంకె వచ్చినా నాకు అంత భయం వేసేది కాదేమో. అంకె ఉంటే నీళ్లు ఎక్కడున్నాయో తెలుస్తుంది. ఖాళీ గడిని చూస్తే నీళ్లు ఎక్కడైనా ఉండొచ్చు అనిపిస్తుంది. ఆయన్ని మింగేసి, దారిలో ఊళ్లన్నీ దాటి, మా సందు మొదట్లోకి వచ్చేసి ఉండొచ్చు.

ఇంజినీరు గారు ఊరి బయట గట్టు బలహీనంగా ఉన్నచోట ఇసుక బస్తాలు వేయిస్తున్నారు. ఆయన ఫోన్ కలవడం లేదు. నేను గళ్ల కాగితం తీసి ఎనిమిది, తొమ్మిది, పది అంకెల మీద చుక్కలు పెట్టి గీత గీశాను. గీత వంగకుండా ఏటవాలుగా ఎక్కుతుంటే దాన్ని అలాగే ముందుకు సాగదీయాలని ఆయనే నేర్పారు. సాగదీశాను. మధ్యాహ్నం రెండు దాటాక ఊళ్లో గట్టు అంచును తాకుతోంది. 

నా సెల్‌ఫోన్ బల్ల మీదే ఉంది. ఇంట్లో అత్తయ్య, పాప. మావారు లేరు. పై వాళ్లు ప్రకటించేదాకా ఆ గదిలో తెలిసింది బయట చెప్పకూడదు. ఆ నియమానికి కారణం ఉంది. రెండేళ్ల ముందు ఎవరో ఇంటికి చెప్పిన మాట వాట్సాప్‌లో పడి, గట్టు తెగిందట అని మారి, జనం వంతెన మీద ఒకరినొకరు తోసుకుని ఒకావిడ కాలు విరిగింది. ఆ రోజు గట్టు తెగనే లేదు. అవన్నీ నాకు తెలుసు. తెలిసీ ఫోన్ తీశాను.

"అత్తయ్యా, దూది ఎక్కడుంది?"

"గట్టు మీద ఆరబోశానమ్మా. మూడ్రోజుల వానకి ముక్కిన వాసన వస్తోంది."

"తీసేయండి. తీసి అటక మీద పెట్టించండి."

"ఎందుకూ, ఎండ బాగానే ఉంది కదా," అన్నారు. అటక మీదే పెట్టించండి అని మళ్లీ అన్నాను.  ఆవిడ గొంతు తగ్గించి, "పాపని ఎక్కడికి పంపమంటావు?" అన్నారు.

నేను వరద అన్న మాట నోటితో అనలేదు. హైస్కూలు మేడ మీదికి అన్నాను. మీరు కూడా వెళ్లండి అన్నాను. సరే, నువ్వు పని చూసుకో అని పెట్టేశారు.

మా సందులో ఎన్ని ఇళ్లున్నాయో నాకు తెలుసు. ప్రతి ఇంటి గడపా తెలుసు. నేను ఒక్క ఇంటికే చెప్పాను. ఫోన్ బల్ల మీద పెట్టేసరికి ఆ తప్పు బరువు తెలిసింది గానీ, అప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. ఇంజినీరు గారి ఫోన్ కలిసింది.

అంకె రాలేదనీ, నేను గీసిన గీత గట్టును ఎప్పుడు తాకుతోందో కూడా చెప్పాను.  వెనక పారల చప్పుడు వినిపిస్తోంది. అంచనాను పట్టుకుని ఊరిని ఖాళీ చేయించడం కష్టమన్నారు. పోయినసారి చేయించాం, నీళ్లు రాలేదు. జనం తిట్టుకున్నారు. ఈసారీ రాకపోతే మరోసారి ఎవరూ కదలరు, ఆ మరోసారే నీళ్లొస్తాయి. ఆయన భయం అది. కఠినంగా ఏమీ అనలేదు.

"ఇంకో అంకె కావాలమ్మా. ఎలాగైనా సంపాదించు," అన్నారు.

పెద్దాయన ఉండే ఆ వంతెన ఊళ్లో నాకు తెలిసిన నంబరు ఇంకొక్కటే ఉంది. పెద్దాయన ఫోన్ చార్జింగు అయిపోయినప్పుడల్లా పాలకేంద్రం నుంచి చేసేవారు. అది చూసే ఆవిడ ఫోన్ ఎత్తింది. స్కేలు దగ్గరికి ఎవరినైనా పంపగలరా అని అడిగాను. వంతెనకి వెళ్లే రోడ్డు మునిగిపోయిందండీ, ఎవరూ వెళ్లలేరు అంది. ఆయన పొద్దున్న వెళ్లడం చూశారట, తిరిగి రావడం ఎవరూ చూడలేదట. గొడుగు మాత్రం రోడ్డు మొదట్లో రాయి మీద ఉందట.

 గొడుగు రంగు ఏమిటో కూడా నాకు తెలియదు. అయినా ఆ రాయి, దాని మీద మడిచిపెట్టిన గొడుగు కళ్ల ముందు కనిపించాయి.

"మీరున్న చోటి నుంచి నీళ్లు కనిపిస్తున్నాయా అండీ?" అని అడిగాను.

"కనిపించడమేంటండీ, మా మెట్ల మీదే ఉన్నాయి. మూడు మెట్లండి. రెండు మునిగాయి. మీతో మాట్లాడుతుంటేనే మూడోది తడుస్తోంది."

అదే ఇంజినీరు గారికి చెప్పాను. ఆ పాలకేంద్రం ఆయనకు తెలుసు. రోడ్డు కన్నా ఎత్తులో కట్టారట. అక్కడ మెట్లు తడిశాయంటే ఏరు ఎప్పుడో గట్టు దాటి ఆ ఊళ్లో నడుస్తోందన్నమాట. ఆయన ఇంకేం అడగలేదు. పై వాళ్లతో మాట్లాడి పది నిమిషాల్లో ఉత్తర్వు ఇప్పించారు. పన్నెండు కాకముందే మైకు ఆటోలు బయల్దేరాయి. అందరి ఫోన్లకూ హెచ్చరిక వచ్చింది. నా ఫోను కూడా బల్ల మీద గట్టిగా మోగింది. దాన్ని పంపించిన గదిలోనే కూర్చుని కూడా ఉలిక్కిపడ్డాను.

రెండు దాటాక తాకుతుందని నా గీత చెప్పింది. ఒంటిగంటన్నరకే నీళ్లు గట్టు మీద పల్లంగా ఉన్నచోట పొర్లాయి.

ఆ తర్వాత రెండు ఫోన్లూ ఆగలేదు. డాబాల మీద చిక్కుకున్న వాళ్లు, మంచాన ఉన్న తండ్రిని దింపలేక ఏడుస్తున్న వాళ్లు, కరెంటు ఎప్పుడు తీస్తారని అడిగేవాళ్లు. ఎక్కడెక్కడికి పడవ పంపాలో వరసగా ఒక కాగితం మీద రాయడం నాకప్పగించారు. రెండున్నరకి నా సెల్‌కి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పాప. హైస్కూలు మేడ మీద ఎవరిదో ఫోన్ అడిగి తీసుకుంది.

"అమ్మా, నానమ్మ ఇంకా రాలేదు," అంది.

పక్కింటావిడతో తనని పంపి, వెనకే వస్తానని చెప్పారట. అత్తయ్యకి ఫోన్ చేశాను. స్విచ్ ఆఫ్. ఆవిడ మోకాళ్లు గుర్తొచ్చాయి. గట్టు కింద మా గుమ్మం సందులోకెల్లా పల్లం, అదీ గుర్తొచ్చింది. అంతలో మావారు చేశారు. తిరిగి వస్తూ దెందులూరు దగ్గర ఆగిపోయారు. హైవే మీద వాగు పారుతోంది, లారీలన్నీ వరసగా నిలిచిపోయాయి, పోలీసులు ఎవరినీ వదలడం లేదు. అమ్మ ఎలా ఉంది అని అడిగారు.

"అందరూ స్కూల్లోనే ఉన్నారండీ," అన్నాను.

ఆయనతో నేను చెప్పిన పెద్ద అబద్ధం అదే. నిజం చెబితే నీళ్లలోకి దిగేస్తారు. ఆ భయంతో చెప్పాను. ఫోన్ పెట్టేశాక పడవల కాగితం దగ్గరికి లాక్కున్నాను. అప్పటికి పదిహేను చిరునామాలున్నాయి. మాది పదహారోది కావాలి. మూడో పేరుకూ నాలుగో పేరుకూ మధ్య ఉన్న ఖాళీలో ఇరికించి రాశాను. ఎవరూ చూడలేదు. చూసినా అడిగేవాళ్లు కాదేమో. నేను మాత్రం తల ఎత్తలేదు.

పడవ మా సందులోకి వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. ఇల్లు నడుము లోతు నీళ్లలో ఉంది, పిలిస్తే ఎవరూ పలకలేదని చెప్పారు. అది విన్న క్షణం నుంచి నాలుగింటి దాకా ఏం రాశానో, ఎవరికి ఏం బదులు చెప్పానో నాకు గుర్తులేదు. తర్వాత ఆ పేజీలు చూస్తే అన్నీ సరిగానే రాసి ఉన్నాయి.

నాలుగింటికి ఇంకో తెలియని నంబరు. మా అత్తయ్య గురించి అనుకుని రెండు చేతులతో పట్టుకున్నాను.

"నమస్కారమండీ అమ్మగారూ. పదకొండింటి రీడింగు రాసుకోండి."

పెద్దాయన.  ఎక్కడున్నారండీ అన్నాను. వంతెన మధ్యకు వెళ్లి వంగి పైముక్క స్కేలు చూస్తుంటే జేబులోంచి ఫోన్ ఏట్లో పడిపోయింది. తిరిగి చూసేసరికి ఇటు రోడ్డూ అటు రోడ్డూ మునిగాయి. వంతెన మీద ఒక్కరే ఉండిపోయారు. స్తంభాలకు దుంగలు తగిలినప్పుడల్లా కాళ్ల కింద వంతెన అదిరేదట. చేతికి వాచీ ఉంది. గంట గంటకీ వంగి అంకె చూసి, ఇటుక ముక్కతో పిట్టగోడ లోపలి వైపు రాసుకున్నారు. నీళ్లు కాస్త తీశాక ఒక ట్రాక్టరాయన వచ్చి దింపాడు. వచ్చేముందు గోడ మీది అంకెలన్నీ అతని చేత సిగరెట్టు పెట్టె అట్ట మీద రాయించుకున్నారు.

పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు. ఒక్కొక్కటే చెప్పారు. ఖాళీగా వదిలిన గడుల్లో ఒక్కొక్కటే రాశాను. నా గీత కన్నా అన్నీ పైనే ఉన్నాయి. పన్నెండింటికైతే జానెడు పైన. నేను భయపడినదాని కన్నా నిజం ముందే పరుగెత్తింది.

అత్తయ్య కబురు ఐదున్నరకి తెలిసింది. దూది అటక ఎక్కించి, దూది ఏకే మిషను మోటారు విప్పదీసి పైన పెడదామని కూర్చున్నారట. బోల్టు పట్టేసింది. విప్పుతూండగానే గుమ్మంలోకి నీళ్లొచ్చాయి. ఎదురింటి ఇస్త్రీ ఆయన, భార్య ఇద్దరూ కలిసి, కుట్టడానికి పెట్టిన పరుపు గుడ్డను మడత పెట్టి ఆవిడ చంకల కింద వేసి, నిచ్చెన మీదుగా వాళ్ల డాబా మీదికి లాగారు. పడవ వచ్చినప్పుడు ముగ్గురూ ఆ డాబా వెనక వైపు నీడలో ఉన్నారు. నీళ్ల హోరులో పిలుపు వినపడలేదు. ఆ పడవ అటు వచ్చి పోయేసరికి, మా పేరు ఇరికించకపోతే నాలుగో వంతు రావాల్సిన వాళ్లు ఇంకో అరగంట ఎండలో కూర్చున్నారు. అందరూ క్షేమంగానే దిగారు. ఆ అరగంట సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఒక్క ఇంటికే చెప్పానని నేను కుమిలిపోతుంటే, తర్వాత తెలిసింది. అత్తయ్య గట్టు మీద దూది ఎత్తుతూ, చూసిన ప్రతి ఆడమనిషితోనూ మీరు కూడా సర్దుకోండమ్మా అన్నారట. ఎందుకని అడిగితే దూది అటకెక్కిస్తున్నానన్నారట, అంతే. మండే ఎండలో దూది అటకెక్కించే మనిషిని చూసి సందంతా అర్థం చేసుకుంది. మైకు ఆటో వచ్చేసరికి సగం ఇళ్లకు తాళాలు పడ్డాయి.

మావారు మర్నాడు పొద్దున్న దెందులూరు నుంచి నడిచి వచ్చారు. అబద్ధం ఆయనకు తెలిసింది. రెండు రోజులు నాతో మామూలుగా మాట్లాడలేదు. ఇంట్లో జానెడు మందం బురద. అటక మీద పెట్టిన దూది మిగిలింది. కింద బేళ్లు నల్లబడి, పిండితే రసం కారి, కుళ్లిన వాసన వేశాయి. మోటారు బాగుచేయించాం. గోడ మీద నీటి మరక సున్నం వేసినా పోలేదు.

మా ఊళ్లో నీళ్లు మూడో నాటికి తీశాయి. తీసిన నీళ్లు ఎక్కడికో పోలేదు, కొల్లేటిలోకి దిగాయి. అవి అమావాస్య రోజులు. సముద్రం పోటు మీద ఉంది, ఉప్పుటేరు లాగడం లేదు. కైకలూరు వెళ్లే రోడ్డు మునిగింది. పెదపాడు వైపు చేపల చెరువుల గట్లకు వలలు కట్టి కాపలా కాశారు. లంక గ్రామాల వాళ్లు పది రోజులు గదికి ఫోన్ చేసి ఒకటే అడిగేవారు, ఎప్పుడు తగ్గుతుందండీ అని. మా ఊరిని ముంచి వెళ్లిన నీళ్లే వాళ్ల మంచాల కింద నిలబడి ఉన్నాయి. రోజుకు వేలెడు కూడా తగ్గేది కాదు. ఏటి నీళ్లు పరుగెత్తుకుంటూ వచ్చి భయపెడతాయి, సరస్సు నీళ్లు కదలకుండా కూర్చుని భయపెడతాయి. రెండో భయానికి నా దగ్గర గీత లేదు. పోటు తీశాక తగ్గుతుందండీ అని అందరికీ ఒకటే చెప్పేదాన్ని.

దసరా ముందు పెద్దాయన మొదటిసారి మా ఆఫీసుకు వచ్చారు. సన్నటి మనిషి, నేను గొంతును బట్టి ఊహించుకున్నంత పొడుగు లేరు. భుజాన కొత్త గొడుగు. కూర్చోండి అంటే చాలాసేపు కూర్చోలేదు. ఆ రోజు పేజీ చూపించమని అడిగారు. చూపించాను. చదవడం అంతగా రాదు గానీ అంకెలు వచ్చు. వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్లి, ఒంటిగంట గడి దగ్గర ఆపారు.

"ఇది సరైనదో కాదోనండి," అన్నారు మెల్లగా. "అప్పుడు పెద్ద దుంగ వచ్చి తగిలిందండి. వంతెన పోతందనుకున్నాను. కళ్లు మూసుకున్నానండి. మళ్లీ తెరిచి చూసింది రాశాను గానీ, బాగా వంగి చూశానో లేదో గుర్తు లేదండి. భయమేసిందండి. మార్చేయండి, అమ్మగారూ."

ఎంతకని మార్చమంటారు అని అడిగాను. ఆలోచించి, తెలియదండి అన్నారు.

ఇంజినీరు గారికి చెప్పాను. ఆయన పేజీ చూసి, పైనున్న అంకెతోనూ కిందున్న అంకెతోనూ పోల్చి చూసి, వరసలోనే ఉంది, ఉండనీయమ్మా అన్నారు. పెద్దాయన టీ తాగి, గొడుగు తీసుకుని, పొద్దుపోకముందే బస్సందుకోవాలని మెట్లు దిగి వెళ్లిపోయారు.